సీసాడు మట్టికి మామయ్య మీసం

మా మామయ్య కోటయ్యగారి మీసం మాచర్ల దాకా ప్రసిద్ధం. మజ్జిగ తాగాక దాన్ని తుడుచుకోవడానికే వేరే తువ్వాలు ఉండేది. అలాంటి మీసాన్ని ఆయన ఒక సీసాడు మట్టి మీద పందెం కాశారు.

ఓ ఏడాది, తొలకరికి ముందు ఆ సీసా తెచ్చింది వ్యవసాయశాఖలో పనిచేసే షౌకత్.

"ఇందులో కంటికి కనపడని జీవులున్నాయి బాబాయ్. బెల్లం నీళ్ళతో మొక్కజొన్న విత్తనాలకు పట్టించి నీడన ఆరబెట్టాలి. గాలిలోని నత్రజనిని వేళ్ళకు అందిస్తాయి. చేను ఏపుగా వస్తుంది, గింజలో బలం ఉంటుంది."

"కనపడనోళ్ళు మా పూజగదిలో చానామంది ఉన్నారు. ఆళ్ళే పని చెయ్యట్లా, పురుగులు చేస్తయ్యా?"

"ఒక్క ఎకరంలో చూడండి. సగానికి సీసా విత్తనాలు, సగానికి ఉత్తవి. ఎరువు మాత్రం దేనికీ వెయ్యొద్దు."

"సీసా సగం నా సగం కన్నా జానెడు ఎక్కువ పెరిగితే మీసం తీసేస్తా," అన్నారు మామయ్య, అరుగు మీది వాళ్ళంతా వినేట్టు.

లోపలి నుంచి అత్తయ్య, "పెరిగితే బాగుండు. పెళ్ళైనకాణ్ణించి ఆయన మూతి చూళ్ళా," అంది.

ఆ ఎకరం వాలుగా ఉంటుంది. తేమ నిలిచే పల్లం తనకు ఉంచుకుని, మెరక సీసాకు ఇచ్చారు మామయ్య. అదీ చాలక, షౌకత్ అటు వెళ్ళగానే వెల్దుర్తి గొర్రెల మందను తన సగంలో పడుకోబెట్టడానికి మాట్లాడారు. రాత్రంతా మంద పడుకుంటే చేనుకు ఎరువు తోలినట్టే.

మంద వచ్చిన సాయంత్రమే వాన దంచికొట్టింది. గొర్రె బురదలో పడుకోదు. తెల్లారి నేను గోంగూర కోసం వెళ్ళి చూస్తే మెరక నిండా పెంటికలు, మామయ్య పల్లంలో కప్పలు.

"చేలో నీకేం పనమ్మా?" అన్నారు మామయ్య, నా వెనకే వచ్చి.

"గోంగూరకు వచ్చా మామయ్యా," అన్నాను.

మొక్కజొన్న పొత్తులు పాలుపట్టే నాటికి మెరక చేను నా తలను దాటింది. పల్లంలోది నడుం దగ్గరే ఆగి, కామెర్లు వచ్చినట్టు పచ్చబడింది. షౌకత్ కర్రతో కొలిచి, "చూశారా జీవుల పని!" అని గంతేశాడు.

"జీవులా, నీ మొహమా! అది..." అని ఆగిపోయారు మామయ్య.

"మరేంది కోటయ్యా?" అన్నారు అరుగు మీదివాళ్ళు.

మామయ్య నా వైపు చూశారు.

"జీవులే మామయ్యా," అన్నాను. "కాకపోతే కొంచెం పెద్దవి."

మామయ్య మంగలి సుభానీని పిలిపించి, కత్తి నూరమన్నారు.

పని అయ్యాక అత్తయ్య వచ్చి ఆయన మూతిని అటునించీ ఇటునించీ చూసింది.

"మళ్ళీ పెంచుకోండి," అంది.

మామయ్య బోడి పెదవి తడుముకుంటూ షౌకత్ దగ్గరికి జరిగారు.

"ఆ సీసాలో ఇంకేమన్నా మిగిలిందా సాయిబూ?"