రెండో దణ్ణం

ఒక్‌బున్ ఆసుపత్రి గది గుమ్మం బయట పాత వార్తాపత్రిక పరిచి, మూడు గిన్నెల నిండా అన్నం పెట్టింది. పక్కనే మూడు జతల గడ్డిచెప్పులు సర్దింది. నర్సు పరుగున వచ్చింది.

"బామ్మా, ఇదేం పని! ఇది చావు జరిగిన ఇంట్లో పెట్టేది కదా. తాతగారు ఇంకా బతికే ఉన్నారు!"

"యమదూతలు ఎప్పుడో బయల్దేరి వచ్చారమ్మా. ముగ్గుర్నీ మీరే గుమ్మంలో ఆపేశారు. ఆకలితో పడిగాపులు పడుతున్నారు, పాపం. నాలుగు మెతుకులు తిననీ."

లోపల మంచం మీద ఆమె మొగుడు పన్‌దోల్ ఉన్నాడు. ఉన్నాడనడం కన్నా ఉంచారనడం న్యాయం. సముద్రపు బురదలో చెక్కపలక మీద జారుతూ గుల్లలు ఏరి అమ్ముకుని బతికిన మనిషి, ఒక ఉదయం ఆ బురదలోనే కుప్పకూలాడు. మెదడు ఇక మేలుకోదని డాక్టర్ నామ్ స్వయంగా చెప్పాడు. గొంతులో గొట్టం దిగింది. పక్కన యంత్రం బుస్సు బుస్సుమంటూ ఆయన బదులు ఊపిరి తీస్తోంది.

"ఆటేదో పోటేదో నాకు తెలీని రోజున నన్ను వదిలెయ్యి, పట్టుకు వేలాడకు" అని పన్‌దోల్ రేవులో పదిమంది ముందే చెప్పాడు. ఒక్‌బున్ సరేనంది. ఇచ్చిన మాట ఇప్పుడు గొంతులో ముల్లై కూర్చుంది.

డాక్టర్ నామ్ చెడ్డవాడు కాదు, భయస్థుడు. "ఇలాగే ఒకర్ని యంత్రం తీసి ఇంటికి పంపినందుకు డాక్టర్ల మీద హత్య కేసు పెట్టారు బామ్మా" అని చేతులెత్తేసి, జిల్లా ఆఫీసుని అడిగాడు. యంత్రం ముట్టుకుంటే హత్యేనని జవాబొచ్చింది. పన్‌దోల్ బతికినన్నాళ్ళూ ఆ ఊరి రేవుకి దారెటో తెలియని ప్రభుత్వం, ఆయన పోతానంటే మాత్రం దారికడ్డంగా వచ్చి బైఠాయించింది. ఆడదాన్ని అదిలించి రమ్మని ఇవాళ ప్యో అనే అధికారిని కూడా పంపుతోంది.

"రానీ" అంది ఒక్‌బున్. చావింట్లో కట్టే తెల్లటి నార బట్టలు కట్టుకుంది. బల్ల మీద మొగుడి ఫొటో పెట్టింది. నర్సు బతిమాలితే అగరొత్తులు వెలిగించకుండానే గుచ్చింది. ఊరి ఆడవాళ్ళు గోడవారగా కూర్చున్నారు.

ప్యో వచ్చేసరికి ఆమె కిటికీ తెరిచి, మొగుడి చొక్కా బయటికి ఊపుతోంది. పోయిన ప్రాణాన్ని ఇంటి కప్పెక్కి పిలుస్తారు. ఇక్కడ ఆమెకి ఎక్కడానికి ఇంటి కప్పు లేదు, కిటికీ ఉంది. పెళ్ళయిన నాటి నుంచీ ఒక్కసారీ పలకని పేరు ఆమె నోట బయటపడింది.

"పన్‌దోల్! తిరిగి రా! పన్‌దోల్! తిరిగి రా! పన్‌దోల్...!"

యంత్రం బుస్సుమంది. ఇంకెవరూ పలకలేదు.

"అయిగో!" అంటూ ఆడవాళ్ళు ఒక్కసారిగా గొల్లుమన్నారు.

ప్యో గుమ్మంలో ఆగిపోయాడు. ఎదురుగా ఫొటో, నార బట్టల్లో విధవరాలు, ఏడుపులు. నడవడం నేర్చినప్పటి నుంచీ ఇలాంటి గదుల్లో ఏం చెయ్యాలో అతని ఒంటికి తెలుసు. బూట్లు విప్పాడు. ఫొటో ముందు మోకరిల్లి నుదురు నేలకి ఆనించాడు. లేచాడు. మళ్ళీ మోకరిల్లి మళ్ళీ ఆనించాడు.

ఏడుపులు ఠక్కున ఆగిపోయాయి.

"వారీ నాయనో, రెండు పెట్టాడే!" అంది గోడవార ముసలమ్మ.

ఒక్‌బున్ అతని ముందు చతికిలబడింది.

"బాబూ, పండక్కి మా మేనల్లుడు పొరపాటున రెండు దణ్ణాలు పెడితే, మా ఆయన వాడి చెవి మెలేశాడు. 'ఒరే, బతికున్నోడికి ఒకటేరా. రెండోది నేను పోయాక పెడుదువుగాని' అన్నాడు. మరి మీరు రెండు పెట్టారు."

ప్యో ముఖం కందిపోయింది. "అలవాటు కొద్దీ... పొరపాటైంది పెద్దమ్మగారూ. నేను వచ్చింది ఆర్డరు..."

"పొరపాటు మీ నడుముది కాదు నాయనా. మీ నోటిది." ఆమె, ప్యో వెనకాలే వచ్చి నిలబడ్డ డాక్టరు వైపు తిరిగింది. "డాక్టరు బాబూ, ప్రభుత్వం వచ్చి చావు దణ్ణం పెట్టింది. ఇప్పుడు చెప్పు, ఊపిరి ఎవరికి ఊదుతున్నావు?"

నామ్ మంచం దగ్గరికి నడిచి యంత్రం మీట మీద చెయ్యి వేశాడు.

"కేసు రాస్తే నా పేరు రాయండి" అన్నాడు ప్యోతో.

ప్యో గుమ్మం దగ్గర బూట్లు తొడుక్కుంటున్నాడు, తలెత్తలేదు. "కేసు రాయాలంటే ముందు నా రెండో దణ్ణం రాయాలి డాక్టర్‌గారూ" అన్నాడు.

బుస్సుమనే చప్పుడు ఆగింది. ఒక్‌బున్ మొగుడి చెయ్యి పట్టుకుని కూర్చుంది. ఆ చెయ్యి పూర్తిగా చల్లబడ్డాక వదిలింది. అలా వదలడం ఆమె బతుకులో చేసిన పనులన్నిటికన్నా కష్టమైంది.

తర్వాత లేచి వెళ్ళి గుమ్మం తలుపులు రెండూ బార్లా తెరిచింది. అన్నం గిన్నెలు, గడ్డిచెప్పులు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి.

"అడ్డు తొలగింది, రండయ్యా" అంది ఆ చెప్పులతో. "మెల్లగా తీసుకెళ్ళండి. ఆయనకి మోకాళ్ళ నొప్పులు."