మంచుగోడ మీది పేరు

ఇసిల్వా నాచువత్తిని రెండు వేళ్లతో నొక్కి సరిచేసింది. పైకొస్తే పొగ, కిందికి జారితే ఆరిపోవడం. ఈ పాటి సంగతి వంటబట్టేసరికి చేతులు బొబ్బలెక్కిపోయాయి. సూర్యుడు కనిపించని నాలుగు నెలల చీకట్లో, ఆరకుండా కాపాడాల్సిన సూర్యదీపం వేర్నాక్ రాజధాని మొత్తానికీ ఉండేది ఏడిళ్లలోనే. సూర్యుడు తిరిగొచ్చే పండగనాడు దాన్ని గుడిలోని మహాజ్యోతిలో కలుపుతారు. కాపాడినవాళ్ల పేరు మంచుగోడ మీద చెక్కుతారు. జ్యోతిలో కలిసేలోపు ఆరిన దీపానికి పేరుండదు.

ఐదేళ్లుగా ఆ గోడ మీద ఉన్నది ఆమె భర్త హోర్కెన్ పేరే. మేలుకున్నది మాత్రం ఈవిడ. కోడికునుకు తప్ప నిద్రెరగదు. చెల్లెలి పురుడుకి కూడా వెళ్లలేదు. ఒకసారి నడుం పట్టేసి, దీపంలో వేసే సీల్ కొవ్వు కాస్త దంచిపెట్టమని అడిగితే అత్తగారు ఉర్నా నవ్వింది. "దీపం ముందు కూర్చోవడం కూడా ఒక పనేనా అమ్మాయ్? వెచ్చగా ఉంటావుగా."

ఈ ఏడు చీకటి పడేముందు హోర్కెన్ తనంతట తనే అన్నాడు, ఈసారి నీ పేరే ఇస్తాలే అని. పిచ్చిది, నమ్మింది. నాలుగు నెలలూ ఆ మాట మీదే బతికింది.

పండగనాడు గుడి మెట్ల మీద పెద్ద పూజారి పిలిచింది హోర్కెన్‌నే. ఇసిల్వాకి ఒళ్లంతా మండిపోయింది. ఇదేంటని అడిగితే అతను చూపు తిప్పుకున్నాడు.

"పేర్లిచ్చే చోట అందరూ మగాళ్లే. నీ పేరు చెప్తే నవ్విపోతారు. ఎవరి పేరైతే ఏంటి, ఇల్లొకటేగా."

పిలిచినవాళ్లు జనం ముందు ఒట్టి చేతులతో వత్తి సరిచేసి, జ్యోతిలో కలపాలి. ఏటా అతని చేతి కింద ఆమె చెయ్యి ఉండేది. జనానికి పైచెయ్యే కనిపించేది.

ఈసారీ అతను చెయ్యి చాపి ఆగాడు. వత్తి జారుతోంది. మంట రెపరెపలాడింది. మెట్ల కింద వేలమంది ఊపిరి బిగబట్టారు.

"ఇసిల్వా, చెయ్యి పెట్టు" అన్నాడు పెదాలు కదపకుండా.

"పిలిచింది మిమ్మల్ని కదండీ" అందామె నెమ్మదిగా.

మంట చిన్నదైపోయింది. కన్నబిడ్డలా సాకిన మంట. ఏడుపు తన్నుకొచ్చింది, అయినా కోటు జేబుల్లోంచి చేతులు బయటికి తియ్యలేదు.