గేటు దగ్గర అందాలి

కరకట్ట రోడ్డును నది కొరికిన వరద ఏడాది అది. అంతకు ముందు వరద ఇళ్ళలోకి వచ్చింది. ఇది ఇళ్ళ జోలికి రాలేదు. పంపుహౌసు నుంచి మిల్లు గేటు దాకా రోడ్డు ఎడమ అంచును మాత్రం ఎలుక రొట్టెను కొరికినట్టు కొరికి పోయింది.

మిల్లులో నేను యంత్రాలకు బెల్టులు బిగించేవాణ్ణి. మా తమ్ముడు నూలు విభాగంలో ఉండేవాడు. మా అక్క మొగుడు, అంటే మా బావ, ఆ విభాగానికి మేస్త్రీ. మిల్లు పెట్టిన రోజున ఏటా సైకిలు పందెం జరిగేది. పంపుహౌసు దగ్గర మొదలు, గేటు దగ్గర ఆఖరు. దారంతా చదును. ఎక్కుడు లేదు, దిగుడు లేదు.

ఏటా బావే గెలిచేవాడు. వరదకు ముందటి ఏడాది తమ్ముడు అతన్ని దాటబోయాడు. దారిలో ఒక పాత గిడ్డంగి ఉంది. రోడ్డు దాని వెనకగా కాస్త వంపు తిరుగుతుంది. గేటు దగ్గర నిలబడ్డవాళ్ళకు ఆ ముక్క కనబడదు. అక్కడ బావ చెయ్యి చాపి తమ్ముడి సీటు పట్టుకుని పక్కకు గుంజాడు. తమ్ముడి మోకాలు వెళ్ళి మైలురాయికి కొట్టుకుంది. ఆ మోకాలు మళ్ళీ వంగలేదు.

"తాగి ఎక్కాడు. దగ్గరికెళ్తే గుప్పుమంది," అని బావ మేనేజరుతో చెప్పాడు. మావాడు టీ తాగినా సగం వదిలేసే రకం. యంత్రాల దగ్గర తాగుబోతులు వద్దని పనిలోంచి తీసేశారు. అక్క కూడా మొగుడి మాటే నమ్మింది. "కాలు పోగొట్టుకుంది చాలక మా ఆయన మీద నిందలేస్తాడా" అని మా గడప తొక్కడం మానేసింది.

నేను మాట్లాడే మనిషిని కాను. బావ నన్ను మూగెద్దు అనేవాడు. అననిచ్చాను. రోజూ అతని విభాగంలో అతని కళ్ళ ముందే బెల్టులు బిగించాను. ఎంత బిగించినా నా లోపల బిగుసుకున్నదాని ముందు అవి వదులే.

ఒక సాయంత్రం తమ్ముడితో అన్నాను. "ఈసారి పందెంలో నేను ఎక్కుతా."

వాడు పడిపడి నవ్వాడు. "నువ్వా? నువ్వు తొక్కుతుంటే హ్యాండిలు మీద కాకి వాలి నిద్రపోతుంది అన్నయ్యా."

"నవ్వకు. నేర్పు."

నేర్పాడు. పని దిగాక కరకట్ట మీదికి పోయేవాళ్ళం. వాడు తూము గోడ మీద కాలు చాపుకుని కూర్చుని తిట్టేవాడు. నేను తొక్కేవాణ్ణి.

"కాళ్ళతో తొక్కమన్నాను, మొహంతో కాదు. ఆ వంకర్లేంటి? నడుం వంచు. చదును రోడ్డు మీద నీకు బరువు అడ్డం కాదు, గాలి అడ్డం. నీ ఛాతీ చూస్తే తలుపు వేసినట్టుంది. మడువు దాన్ని."

మిల్లు వ్యాను డ్రైవరు మాకు కావలసినవాడు. సరుకు దింపి వస్తూ నా పక్కన వ్యాను నడిపి వేగం ముల్లు చూసి చెప్పేవాడు. మొదట్లో "ముప్పయ్యయిదు. కోడిపిల్లలు దాటిపోతున్నాయి, చూసుకో" అన్నాడు. కొన్ని నెలలకు నలభై అయిదు అన్నాడు. వానలు వెనకబట్టాక ఒకనాడు కిటికీలోంచి తల బయటపెట్టి, "యాభై. నువ్వేం తింటున్నావురా," అన్నాడు.

ఆ యాభై ఎంతసేపో ఉండదు. సీటు మీంచి లేచి తొక్కితే, ఊపిరి బిగబట్టి ఎంతసేపు ఉండగలమో అంతసేపే. ఆ తర్వాత తొడలు కొయ్యబారిపోతాయి. ఎంత మొనగాడికైనా అంతే. అందుకే ఎక్కడ లేవాలన్నదే అసలు సంగతి.

అది కూడా తమ్ముడే చెప్పాడు. "బావ ఎప్పుడూ ముందు పోడు, చూశావా? ఒకడి చక్రం వెనక దూరి, వాడి వీపు చాటున గాలి తప్పించుకుని, ఆఖర్న బయటికొస్తాడు."

"ఊఁ."

"ఈ రోజుల్లో గాలి కుడి పక్క నుంచి కొడుతోంది. అప్పుడు చాటు ఎటుంటుంది?"

"ఎడమకి."

"ఎడమకి ఏముంది?"

చూశాను. నది కొరికిన అంచు. దాని కింద బురద.

"నువ్వు ఆ అంచు పట్టుకుని పో. నీ చాటుకు రావాలంటే బావ నీళ్ళల్లో తొక్కాలి."

"అయితే గెలుస్తాను."

"గెలిస్తే బహుమతిగా గొడుగిస్తారు. తెచ్చి నా మోకాలికి పట్టి నిలబడతావా?" వాడి మొహంలో నవ్వు పోయింది. "ఓడిపోతున్నానని తెలిస్తే బావ చెయ్యి ఆగదు. బుద్ధి ఆపుదామన్నా అది ఆగదు. గిడ్డంగి దగ్గర నువ్వు ఆ చేతికి అందకూడదు. గేటు దగ్గర అందాలి. అందరూ చూడాలి."

"అందితే పడతాను కదరా."

"పడతావు." వంగని మోకాలు రుద్దుకున్నాడు. "వద్దంటే మానెయ్యి అన్నయ్యా."

నేను మానలేదు.

పందెం రోజున పంపుహౌసు దగ్గర బావ నా సైకిలు చుట్టూ తిరిగి చూశాడు. "ఏరా మూగెద్దూ, దీన్ని తొక్కుతావా, తోలతావా?" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. అతను దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు. "జాగ్రత్త బావమరిదీ. మీ ఇంట్లో కుంటివాడు ఒకడు చాలు."

"ఒకడు చాలు బావా," అన్నాను.

ఈల వేశారు. మిల్లు వ్యాను మా వేగానికి తగ్గట్టు చాలా ముందు పోతోంది. గాలి కుడి చెంప మీద చాచి కొట్టినట్టు తగులుతోంది. నేను మొదటినుంచీ ఎడమ అంచు వదల్లేదు. బావ అలవాటుగా నా వెనక చేరాడు. చాటు కోసం ఎడమకు జరిగాడు. అతని ముందు చక్రం కింద మట్టిపెళ్ళలు విరిగి బురదలో పడుతున్న చప్పుడు నాకు వినబడింది.

"ఏయ్, లోపలికి జరుగు."

"రోడ్డంతా ఖాళీయే బావా. అటు పోవచ్చు."

అటు పోతే గాలి. ఇటు వస్తే నది. చాలాసేపు అటూ ఇటూ జరుగుతూ తిడుతూ వచ్చాడు. మిగతావాళ్ళు వెనకబడిపోయారు. అతని ఊపిరి నాకు వినబడుతోంది. ఆ ఊపిరి గరగరలాడేదాకా ఆగాను.

గిడ్డంగి కప్పు కనబడింది. సీటు మీంచి లేచాను.

నా కింద సైకిలు అటూ ఇటూ ఊగింది. చైను కీచుమంది. ఛాతీ మడిచి హ్యాండిలుకు ఆనించాను. గిడ్డంగి గోడ పక్కనుంచి బూడిద రంగు గీతలా పోయింది. తమ్ముడు పడిన రాయి కూడా అలాగే పోయింది. చంక కిందనుంచి వెనక్కి చూశాను. బావ రెండు సైకిళ్ళ దూరంలో ఉన్నాడు. చెయ్యి హ్యాండిలు మీంచి లేచి ఉంది. అందక మళ్ళీ దించాడు.

వంపు తిరిగాక గేటు కనబడింది. జనం, బల్ల మీద మేనేజరు, ఆడవాళ్ళలో అక్క, కుర్చీలో తమ్ముడు. నా తొడలు అప్పటికే కొయ్యబారుతున్నాయి. అయినా గెలిచేవాణ్ణే. గెలిచి ఊరుకుంటే ఏం పోయిందని ఒక్క క్షణం అనిపించింది. పడితే విరిగే భుజాలూ కాళ్ళూ నావే కదా. అంతలో తమ్ముడు కనబడ్డాడు. వాడు నన్ను చూడటం లేదు. నా వెనక ఉన్న చెయ్యిని చూస్తున్నాడు.

తొక్కడం తగ్గించాను.

బావ కుడి పక్కన పైకొచ్చాడు. మొహం కందగడ్డ అయింది. అతని చక్రం నా పెడలు దాకా వచ్చాక, మిగిలిన బలమంతా పెట్టి ఒక్క తోపు తోశాను. మళ్ళీ నేనే ముందు. అప్పుడు తెలిసింది సీటు మీద చెయ్యి. ఏడాదిగా దాని కోసమే ఉన్నాను.

గుంజాడు. భుజం కంకర మీద పడినప్పుడు లోపల ఎముక విరగడం విన్నాను. బావ గీత దాటి రెండు చేతులూ పైకెత్తాడు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. అతను ఎత్తిన చేతులు ఎత్తినట్టే ఉంచి చుట్టూ చూశాడు.

మేనేజరు బల్ల దిగి వచ్చాడు. "ఏమిటయ్యా ఇది?"

"వాడే తూలాడు సార్. తాగి ఎక్కాడు, దగ్గరికెళ్తే గుప్పుమంది."

జనంలో ఎవరో కిసుక్కున నవ్వారు. తర్వాత ఇంకొకరు. మేనేజరు నా పక్కన గొంతుక్కూర్చుని, వంగి, నా నోటి దగ్గర వాసన చూశాడు. లేచి బావ మొహంలోకి చూశాడు. వ్యాను డ్రైవరు దిగి వచ్చి, "ముల్లు యాభై దాటింది సార్, ఆ గాలిలో. వెనకద్దంలో వీణ్ణీ చూశాను, ఆ చెయ్యినీ చూశాను," అన్నాడు.

అక్క నా దగ్గరికి రాలేదు. మొగుడి దగ్గరికీ పోలేదు. తమ్ముడి కుర్చీ పక్కన నేల మీద కూర్చుని వాడి మోకాలి మీద చెయ్యి వేసింది.

"ఏమే, ఇంటికి పద," అన్నాడు బావ.

"మీరు పదండి. మీకు వేగం ఎక్కువ కదా," అంది.

మర్నాడు పొద్దున చెయ్యి మెడకు కట్టుకుని సైకిలు బయటికి తీశాను. తొక్కలేను. తమ్ముణ్ణి వెనక క్యారియరు మీద కూర్చోబెట్టి ఒంటి చేత్తో నడిపించాను. వాడు బాగున్న కాలితో నేలను తంతూ నాకు సాయం చేశాడు. షిఫ్టు ఎక్కేవాళ్ళందరూ వస్తున్న వేళ పెద్ద గేటులోంచే పోయాం. ఎవరూ ఆపలేదు. నూలు విభాగం వాకిట్లో బావ నిలబడి ఉన్నాడు, మేస్త్రీలు నిలబడినట్టే. మమ్మల్ని చూసి కప్పు కింది బెల్టుల వైపు తల తిప్పాడు. సైకిలు సరిగ్గా అతని ముందు ఆపాను. తమ్ముడు వంగని కాలు వాకిలికి అడ్డంగా చాపాడు. లోపలికి పోయే ప్రతివాడూ ఆ కాలు చుట్టూ తిరిగి, "వచ్చావురా" అని వాణ్ణి పలకరించి పోయాడు. బావను ఎవరూ పలకరించలేదు. సైరను కూసింది. నేను కదల్లేదు.