పగటి నేత

నగరిలో మురుగేష్ మరమగ్గం దీపాలు పెట్టే వేళకు మొదలై తెల్లారేదాకా కొట్టుకునేది. మిద్దె మీద సోలార్ పలకలు పెట్టించి ఏడాదయింది. ఎండతో పుట్టే కరెంటును పగలే వాడుకుంటే మేలని అతనికి తెలియక కాదు. ఆ కరెంటుతో నేసిన గుడ్డ వేడిగా ఉంటుంది, అంతే. పెనం మీంచి అప్పుడే తీసిన దోసెలాగా. మడతపెట్టి పెట్టెలో దాచినా చల్లారదు.

"ఈ ఎండల్లో కాలే లుంగీ ఎవురు కట్టుకుంటారప్పా?" అని షావుకారు మొదటి మూటే తిప్పి పంపినాడు. మురుగేష్ వాటిని మగ్గం తుడవడానికి చించేసి, నేత రాత్రికి మార్చుకున్నాడు. పలకల కరెంటు వీధి లైనులోకి పోయేది. వాళ్ళమ్మ గంగులమ్మ ఒక్క లుంగీని దాచుకుని మోకాళ్ళకు చుట్టుకునేది.

"మోకాళ్ళకు పొయ్యి రాజేసినావా మా?" అని నవ్వేవాడు కొడుకు.

కార్తీకంలో కోడలు భవితకు ఏడో నెలలోనే ఆడబిడ్డ పుట్టింది. మూడు వారాలు ఆసుపత్రిలో ఉంచుకుని, "ఒళ్ళు చల్లబడనీయొద్దు" అని చెప్పి పంపినారు. ఇంటికొచ్చిన రెండో రోజే తుపాను పట్టుకుంది. సాయంత్రానికి కరెంటు పోయింది.

"మనకు పలకలుండాయి గదా!" అంది భవిత.

అందరూ చేసే పొరపాటే అది. వీధి లైను ఆగితే పలకలూ ఆగిపోతాయి, స్తంభం ఎక్కి పనిచేసేవాళ్ళకు షాక్ కొట్టకుండా. పైగా ఆకాశంలో ఎండే లేదు.

భవిత బిడ్డను రొమ్ముకు అదుముకుంది. అయినా బిడ్డ పాదాలు చల్లబడుతూనే ఉన్నాయి. ఏడుపు సన్నబడింది. ఊరి చుట్టూ వంకలు పొంగి ఆసుపత్రి దారి మూసుకుపోయింది.

గంగులమ్మ మోకాళ్ళ మీది లుంగీ విప్పింది. తల్లినీ బిడ్డనూ కలిపి చుట్టింది.

"అత్తా, నీ నొప్పులు?"

"వాటికి నేనుండా. పట్టుకో గట్టిగా."

తెల్లారేసరికి వాన వెలిసింది. బిడ్డ పాల కోసం గట్టిగా ఏడ్చింది. మురుగేష్ దాని పాదం తాకి చూసినాడు, వెచ్చగా ఉంది. లుంగీ తాకినాడు. అది మామూలు గుడ్డలాగా చల్లబడిపోయి ఉంది.

పొద్దెక్కినాక లైను బాగుచేసినారు, కరెంటొచ్చింది. అది మురుగేష్ పడుకునే వేళ. అతను పోయి మగ్గానికి తెల్ల నూలు ఎక్కించినాడు.

"మా, ఆ ఆసుపత్రిలో ఇట్లాంటి బిడ్డలు ఇంకా ఎంతమంది ఉండారు?"

"పదకొండు మంది," అంది గంగులమ్మ, మోకాళ్ళు పట్టుకుని లేస్తూ. "లెక్కబెట్టే వచ్చినా."

మిద్దె మీద ఎండ పడింది. మగ్గం కదిలింది.