మలుపు తిరిగాక కనబడిన ఇల్లు

“ఇంటి గురించి మాట్లాడ్డానికి ఇల్లు వదిలి వెళ్ళాలా?” అన్నాడు భర్త, ఇస్త్రీ చేయమని తన చొక్కా ఆమె భుజం మీద వేస్తూ. ఆ మాట తనకే భలేగా నచ్చి, టీవీ ముందు కూర్చున్న తల్లికి వినబడేలా ఇంకోసారి అన్నాడు. అత్తగారు కిసుక్కున నవ్వింది.

ఆమె కాలేజీలో సాహిత్యం చెబుతుంది. భావకవులకు సొంత ఇంటి మీద, పుట్టిన నేల మీద ఉన్న మమకారం గురించి ఆమె రాసిన వ్యాసాన్ని వేరే ఊళ్ళో జరిగే సదస్సుకు తీసుకున్నారు. పొద్దున్నే బస్సు. పెళ్ళయ్యాక ఒక్కతే ఇల్లు దాటి ఒక్క రాత్రి కూడా ఉండి ఎరగదు.

ఇస్త్రీ పెట్టె కాలరు మీద నడుస్తుంటే మనసు ఆ కవుల వెంట నడిచింది. ఎంత గొప్పవాళ్ళు! ఒకడు కొండ మలుపు తిరగ్గానే తన ఇంటి కప్పు మీది పొగ చూసి కంటతడి పెట్టుకుంటాడు. ఇంకొకడు పరాయి నగరంలో జ్వరంతో పడుకుని, పెరటి వాగు చప్పుడు వింటాడు. ఆ పాదాలు ఎన్నిసార్లు చదివినా ఆమెకు ఒళ్ళు పులకరిస్తుంది. తనకెప్పుడూ అలాంటి బెంగ కలగలేదేమని సిగ్గుపడేది కూడా. “నీకు ఇల్లు పట్టదమ్మా” అంటుంది అత్తగారు. గిన్నెలు, బట్టలు, పరీక్ష పేపర్లు, ఆవిడ మాత్రలు, అన్నీ పట్టినదానికి ఇల్లొక్కటే పట్టలేదట! చొక్కా మడత పెడుతుంటే తట్టింది. ఆ కవులంతా ఇల్లు వదిలి వెళ్ళినవాళ్ళు. అందుకే వాళ్ళకు ఇల్లు కనబడింది. గోడకు ముక్కు ఆనించి నిలబడ్డ మనిషికి గోడ తప్ప ఏం కనబడుతుంది?

“వెళ్తున్నానండీ. ఏమీ వండిపెట్టడం లేదు” అంది.

“నాకు పాలు కాయడం కూడా రాదని తెలుసుగా!”

“వస్తుంది లెండి.”

పొద్దున్నే సంచీ తగిలించుకుని బయల్దేరింది. వీధి మలుపు తిరిగి, బస్టాపు దగ్గర ఆగి, వెనక్కి చూసింది. వంటింటి కిటికీలోంచి పొగ. పాలు పొంగి మాడుతున్నట్టున్నాయి. “అమ్మా, ఈ మంట తగ్గించడానికి ఎటు తిప్పాలే?” అని ఆయన కేక వీధి దాకా వినబడింది. నవ్వొచ్చింది. నవ్వుతుండగానే, ఎన్నడూ లేనిది, ఆ ఇంటి మీద బెంగ కలిగింది. ఆ కవులు అబద్ధం చెప్పలేదు.

బస్సు వచ్చింది. ఎక్కి, కిటికీ పక్కన కూర్చుని మళ్ళీ చూసింది. ఇన్నేళ్ళలో ఆ ఇల్లు అంత అందంగా ఎప్పుడూ కనబడలేదు.

పొయ్యి దగ్గర తను లేదు మరి.