మీసం మీద సంతకం

అటెండరు ఉద్యోగాన్ని ఇంకో ఏడాదికి పొడిగించే కాగితం నెల రోజులుగా ప్రొఫెసర్ గారి బల్ల మీద పేపర్‌వెయిట్ కింద నలుగుతోంది. ఇరవై రెండేళ్లుగా కళ్లు మూసుకుని సంతకం పెట్టిన పెద్దమనిషి ఈసారి కళ్లు తెరిచాడు. నెలాఖరులోగా సంతకం పడకపోతే అటెండరు ఇంటికే. ఇదంతా కొత్త అల్లుడి చలవ.

కొత్త అల్లుడంటే మనిషి కాదు, మర. ఆ పేరు అటెండరే పెట్టాడు. దానికి ఏసీ గది, మీద మెత్తటి గుడ్డ, దగ్గర ఎవరూ తుమ్మకూడదని గోడకో నోటీసు. ఇన్నేళ్లలో అటెండరుకు దక్కింది కాలు విరిగిన స్టూలొకటి.

ఆ ల్యాబులో జరిగే పని చెప్పడానికి సులువే. ఒక బాక్టీరియా కడుపులో ఒక ఎంజైము ఉంది. మనం మింగిన మందును అది కత్తిరించి పారేస్తుంది. దాని రూపం తెలిస్తే దాని పళ్లు ఎలా ఊడగొట్టాలో తెలుస్తుంది. అయితే అది కంటికి ఆనదు. అందుకని దాన్ని కోట్లాదిగా వరుసల్లో నిలబెట్టి స్ఫటికంగా చెయ్యాలి. ఆ స్ఫటికం మీద ఎక్స్‌రే కొట్టి, తెర మీద పడే చుక్కల లెక్కతో రూపం గీయాలి. లెక్కలు చదువుకున్నవాళ్లవి. గాజుసామాను కడగడం, ఎంజైమూ ఉప్పూ కలిపిన ద్రావణాన్ని పలకల గుంటల్లో బొట్లుబొట్లుగా పెట్టడం, చల్లగదిలో ఎవరూ తలుపు దబాల్న వెయ్యకుండా కాపలా కాయడం అటెండరువి. ఎనిమిదో తరగతితో బడికి దండం పెట్టినవాడైనా అతని చేతికి వణుకన్నది తెలియదు.

"గంటకు వెయ్యి బొట్లు పెడుతుందయ్యా అది. ఇక నీకిక్కడ ఏం పని చెప్పు?" అన్నాడు ప్రొఫెసర్.

ఇంట్లో భార్యదీ అదే పాట. "మీసం మెలెయ్యడం తప్ప మీకేం చేతనవును? ఆయన్ని వెళ్లి అడగండి."

"అడిగితే వినే చెవులా అవి?" అన్నాడు, మీసం మెలేస్తూనే.

పది రోజులకు కొత్త అల్లుడు పెట్టిన బొట్లలో స్ఫటికాలు పడ్డాయి. కోసిన గాజుముక్కల్లా తళతళలాడుతున్నాయి. ప్రొఫెసర్ కాళ్లు నేల మీద ఆనలేదు. ఎక్స్‌రే తమరే స్వయంగా చూడాలంటూ డైరెక్టరుకు కబురు పెట్టాడు. అటెండరు సూక్ష్మదర్శినిలోకి ఒక్కసారి వంగి చూసి నిట్టూర్చాడు. ఉప్పును చూసి ఎంజైమని మురిసిపోయిన మేధావులను అతను అప్పటికే ముగ్గుర్ని చూశాడు.

"సార్, ఒకదాన్ని సూదితో నొక్కి చూద్దాం. ఎంజైమైతే నానిన బిస్కెట్‌లా నలుగుతుంది. ఉప్పైతే టక్కుమంటుంది."

"నువ్వు నాకు చెబుతున్నావా?"

"చెప్పట్లేదు సార్. నొక్కమంటున్నాను."

నొక్కలేదు. డైరెక్టరు వచ్చాడు, కుర్చీ వేశారు. అసలైతే తెర నిండా ఆవాలు జల్లినట్టు చుక్కలు పడాలి. పడ్డవి లావుపాటి చుక్కలు నాలుగు, పళ్లూడిన నోట్లో మిగిలిన పళ్లలా ఎడమెడంగా.

"ఏమిటివి?" అన్నాడు డైరెక్టరు.

అయిదేళ్లుగా అక్కడ పరిశోధన చేస్తున్న అమ్మాయి, నేల చూపులు చూస్తూ, "ఉప్పు సార్" అంది.

"మా వంటింట్లోనూ ఉందమ్మా" అని ఆయన లేచి వెళ్లిపోయాడు.

"సామాను సరిగ్గా కడిగి ఉండడు" అన్నాడు ప్రొఫెసర్, అటెండరు వైపు గడ్డం ఎగరేసి. ఆ పలకలు ప్లాస్టిక్‌వి. కవరు చింపి వాడి పారేసేవి. వాటిని కడిగిన పాపాన ఎవరూ పోలేదు.

చల్లగదిలో మూల అరలో ఆ అమ్మాయి చేత్తో పెట్టుకున్న పలక ఒకటి ఉంది. అందులో ఎంజైము పొడిపొడిగా రాలింది తప్ప స్ఫటికం కట్టలేదు. ఆ పొడిని సన్నటి వెంట్రుకకు అంటించి కొత్త బొట్టులో గీస్తే, గీసిన దారిలో పెద్ద స్ఫటికాలు మొలుస్తాయట. అందుకు పిల్లిమీసం శ్రేష్ఠమట. ఆ భవనంలో పిల్లి లేదు. అమ్మాయి చూపు అటెండరు మొహం మీద ఆగింది.

"బాబాయ్, ఒకటివ్వవా? అచ్చం పిల్లిమీసంలా గట్టిగా ఉంది."

"పోలిక బాగుంది తల్లీ" అంటూ పీకి ఇచ్చాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. గీయబోతే అమ్మాయి చెయ్యి వణికింది. "ఇటివ్వు" అని తీసుకుని, పాపిట తీసినంత తిన్నగా అతనే గీశాడు.

నాలుగో రోజుకు ఆ గీత పొడవునా స్ఫటికాలు మొలిచాయి. సూదితో నొక్కితే చప్పుడు లేకుండా నలిగింది ఒకటి. మిగిలినవాటి మీద ఎక్స్‌రే కొడితే తెర నిండా ఆవాలు.

అయితే ఒకసారి వస్తే చాలదు, మళ్లీ మళ్లీ రావాలి. ఆ ల్యాబులో ఒక ఆచారం ఉంది. స్ఫటికం వచ్చిన పద్ధతిలో పూచికపుల్ల కూడా మార్చకూడదు. అదే ఉప్పు సీసా, అదే అర. నోట్‌బుక్‌లో అమ్మాయి ఉన్నదున్నట్టు రాసింది: అటెండరు మీసం, కుడివైపు, ఒకటి. గీసిన చెయ్యి ఎవరిదో రాయలేదు. అందులో చేతికి గడి లేదు.

ప్రొఫెసర్ ముందు తన చెవి వెంట్రుకతో గీసి చూశాడు, నెత్తిన ఎలాగూ ఏమీ లేదు గనుక. తర్వాత గుమాస్తా గడ్డంతో. ఏదీ మొలవలేదు. చివరికి అటెండరును పిలిపించాడు.

"రేపటికి పది వెంట్రుకలు కావాలయ్యా. కుడివైపువి."

అటెండరు పేపర్‌వెయిట్ వైపు చూశాడు. "ఇవాల్టితో నా గడువు సరి సార్. రేపటి నుంచి బయటివాణ్ణి. బయటివాళ్ల వెంట్రుకలు ల్యాబులోకి రానివ్వకూడదని మీరే నోటీసు పెట్టారు."

ప్రొఫెసర్ పళ్లు నూరుకుంటూ కాగితం లాగి సంతకం గిలికాడు. అటెండరు అక్షరం వదలకుండా చదివి, మడిచి జేబులో పెట్టుకున్నాడు. కుడివైపు నుంచి ఒక్క వెంట్రుక పీకి తెల్లకాగితం మీద పెట్టాడు. చెయ్యి ఊసు ఎత్తలేదు.

"పదన్నాను."

"ఒక ఏడాదికి రాశారు కద సార్. ఒకటిచ్చాను."

ప్రొఫెసర్ వెంట్రుకను చూశాడు, మీసాన్ని చూశాడు, మళ్లీ పెన్ను మూత తీశాడు. అటెండరు జేబులోంచి కాగితం తీసి బల్ల మీద పరిచి, ఫ్యాను గాలికి ఎగిరిపోకుండా పేపర్‌వెయిట్ తనే పెట్టాడు.