బొటనవేలి తప్పు

మా బాబాయి మధ్యాహ్నం రెండు గంటలకి రిటైరవుతున్నాడు. సన్మానాలూ ఉపన్యాసాలూ ఆయనే వద్దన్నాడు. రెండు కొట్టగానే కంట్రోల్ టవర్‌లో చేతిమైకు కొక్కేనికి తగిలించి, మెట్లు దిగి ఇంటికి పోతాడట. ముప్ఫై నాలుగేళ్లు జనాన్ని దింపినవాడికి తాను దిగడం ఓ లెక్కా అన్నాడు.

నాకు మాత్రం ఒకటి కావాలి. ఆయన ఇచ్చే ఆఖరి ల్యాండింగ్ అనుమతి నాకే రావాలి. ఆ మైకులో ఆయన నన్ను ఒక్కసారైనా సొంతమనిషిలా పలకరించాలి. రెండు దాటితే ఆ గొంతు ఇక రేడియోలో వినబడదు.

నేను నడిపేది ఒక్క ఇంజను ఉన్న బుల్లి విమానం. వెనక సీట్లు పీకేసి, లోపలి ఊళ్ల నుంచి సముద్రపు ఒడ్డున ఉన్న ఈ విమానాశ్రయానికి ఆస్పత్రి మందులూ, ఓడల విడిభాగాలూ మోస్తుంటాను. రేడియోలో నా పేరు తూనీగ ఏడు. ఇంట్లో నేను బాబాయికి అమ్మడిని. మైకు పట్టుకున్నాడా, ఇక నేనెవరో ఆయనెవరో. పందొమ్మిదేళ్లలో రేడియోలో నన్ను అమ్మడూ అని పిలిచిన పాపాన పోలేదు. అడిగితే "గాల్లో చుట్టరికాలుండవు" అంటాడు. పైలట్లంతా ఆయన్ని గడియారం అంటారు. ఆ పేరు పెట్టినవాళ్ల నోట్లో పంచదార పొయ్యాలి.

నాన్న పోయేనాటికి నాకు ఎనిమిదేళ్లు. అప్పటినుంచీ నన్ను పెంచింది బాబాయీ పిన్నీ. సెలవు రోజున కూడా ఆయనకి విమానాలే లోకం. స్కూటరు వెనక నన్ను కూర్చోబెట్టుకుని రన్‌వే పక్కన కంచె దగ్గరికి తీసుకెళ్లేవాడు. "కళ్లు మూసుకో. ఇప్పుడొచ్చేదానికి ఇంజన్లెన్ని?" అని అడిగేవాడు. నేను చెవులు రిక్కించి రెండు అనేదాన్ని. సరిగ్గా చెబితే ఊఁ అనేవాడు, తప్పు చెబితే ఊహూఁ అనేవాడు. భేష్ అన్న మాట ఆయన నిఘంటువులో లేదు. అయినా ఆ కంచె దగ్గరి పూటలంటే నాకు ప్రాణం. తలుచుకుంటే ఇప్పటికీ ఆ పెట్రోలు వాసన ముక్కుకి తగులుతుంది.

మొదటిసారి ఒంటరిగా ఎగిరిన రోజు నేను చేసిన ఘనకార్యం కూడా చెప్పాలి, చెప్పకపోతే కథ నడవదు. మా విమానాల్లో మాట్లాడే బటన్ స్టీరింగు మీదే, సరిగ్గా బొటనవేలి కింద ఉంటుంది. నొక్కితే మన మాట అందరికీ వినిపిస్తుంది. వదిలితేనే అవతలి మాట మనకి వినిపిస్తుంది. భయంతో నేను స్టీరింగుని ఉడుంపట్టు పట్టాను. వేలు బటన్ మీదే ఉండిపోయింది. ఆ సంగతి నాకు తెలియదు. టవర్ ఉలకదు, పలకదు. నాకు తిక్కరేగింది. నోటికొచ్చినట్టు తిట్టాను.

"ఏమైంది ఈ మనిషికి? కునుకు తీస్తున్నాడా? ఇంట్లో పిన్ని ముందు పిల్లిలా ఉంటాడు, ఇక్కడికొచ్చి పులి వేషమా? బాబాయ్, నీకు దండం పెడతా, ఏదో ఒకటి చెప్పు. నాకు భయంగా ఉంది."

ఇదంతా గాల్లో ఉన్న రెండు పెద్ద విమానాల పైలట్లూ విన్నారు. నేను రేడియోని మింగేసి కూర్చున్నాను కనక ఎవరూ నోరు మెదపలేకపోయారు. అంతలో టవర్ కిటికీలోంచి పచ్చ దీపం కనబడింది. రేడియో చెడినప్పుడు టవర్ చూపించే దీపం అది. పచ్చ వెలిగితే దిగమని. చావు తప్పి కన్ను లొట్టపోయినట్టు దిగాను. రన్‌వే పక్కకొచ్చి చెయ్యి వదలగానే ఓ బొంగురుగొంతు కెప్టెన్ మాట వినబడింది.

"తూనీగా, మీ బటన్ నొక్కుకుపోయిందమ్మా. పిన్నిగారికి మా నమస్కారాలు చెప్పండి."

నివేదికలో 'బటన్ స్ప్రింగు పాతబడింది' అని రాశాను. బాబాయి దాన్ని ఎర్ర సిరాతో కొట్టేసి 'స్ప్రింగు తప్పు కాదు, బొటనవేలి తప్పు' అని రాశాడు. మూడు రోజులు నాతో మాట్లాడలేదు. పిన్ని మాత్రం కడుపుబ్బ నవ్వింది. పచ్చ దీపం చూసి బాగా దింపావని ఆయన ఒక్క ముక్క అంటాడేమోనని ఎదురుచూశాను. అప్పుడూ అనలేదు, ఆ తరవాతా అనలేదు.

ఇవాళ ఒకటీ ముప్ఫై ఎనిమిదికే లైట్‌హౌస్ దగ్గరికి చేరాను. ఇంకా బోలెడు టైముందని పొంగిపోయాను. ఎక్కడ! మధ్యాహ్నం రెండున్నరకి తిరగాల్సిన సముద్రపు గాలి గంట ముందే తిరిగింది. గాలి తిరిగితే రన్‌వేకి రెండో కొస నుంచి దిగాలి. వచ్చేవాళ్లంతా చుట్టు తిరిగి మళ్లీ వరస కట్టాలి.

"తూనీగ ఏడు, లైట్‌హౌస్ మీద చక్కర్లు కొట్టండి. మీ ముందు నలుగురున్నారు," అంది గడియారం.

చక్కర్లు కొట్టాను. కింద ఆరేసిన వలలు, ఉప్పుగాలికి తుప్పు పట్టిన రేకుల షెడ్లు, మా స్కూటరు తిరిగిన రోడ్డు. కంచె కూడా కనిపిస్తోంది. పక్కన ఇప్పుడు కార్ల పార్కింగు కట్టేశారు. ఒకటీ నలభై తొమ్మిదికి ముగ్గురు దిగారు. మిగిలింది ఒక్కరు. నూట యాభై మందితో వస్తున్న పెద్ద విమానం. కెప్టెన్ ఆ బొంగురుగొంతాయనే. అయితే ఆయన ఇంకా దూరాన ఉన్నాడు. అంత పెద్దది దిగాక, దాని వెనక సుళ్లు తిరిగే గాలి సద్దుమణిగేదాకా నాలాంటి బుల్లిది ఆగాలి. అప్పటికి రెండు దాటిపోతుంది.

"టవర్, తూనీగ ఏడు. ఇంకెంతసేపు?"

"మీ వంతు వచ్చేదాకా."

బొటనవేలు బటన్ మీద లేదని రెండుసార్లు చూసుకుని మరీ తిట్టాను. అయ్యవారు వచ్చేదాకా అమావాస్య ఆగుతుందా! అప్పుడు బొంగురుగొంతు పలికింది.

"టవర్, మాకు తొందరేం లేదు. తూనీగని ముందు పంపించండి."

"వరస ఇక్కడ నిర్ణయిస్తాం కెప్టెన్."

"సరే. అయితే మా క్యాబిన్ ఇంకా సిద్ధం కాలేదు. ఇంకో ఐదు నిమిషాలు సముద్రం మీద తిరిగొస్తాం."

క్యాబిన్ సిద్ధమంటే జనం బెల్టులు పెట్టుకుని కూర్చోవడమే. ఈపాటికి కూర్చోకపోవడమేమిటి, అంతా ఉత్తిదే. ఎన్నడూ తడుముకోని మనిషి తడుముకున్నాడు.

"తూనీగ ఏడు, మీ వంతు. రన్‌వే వైపు తిరగండి."

తిరిగాను. నురగల గీత దాటుతుంటే గాలి రెక్కని ఎత్తి కుదిపింది. పట్టి నిలబెట్టాను. అనుమతి వచ్చింది.

"తూనీగ ఏడు, దిగడానికి అనుమతి ఉంది. ఎదురుగాలి వేగం పన్నెండు నాట్లు."

అంతే. రోజూ చెప్పే మాటే, రోజూ ఉండే గొంతే. ఒకటీ యాభై ఎనిమిదికి చక్రాలు ఆనాయి. ఆఖరి అనుమతి దక్కింది, అమ్మడూ అన్న పిలుపు మాత్రం రాలేదు. ఈయన్ని మార్చడం బ్రహ్మతరం కాదని పళ్లు కొరుక్కుంటూ రన్‌వే చివరికి వస్తున్నాను. అప్పుడు రేడియోలో కుర్చీ కిర్రుమన్న చప్పుడైంది.

"చూశావా? ఎంత మెత్తగా ఆనించిందో చూశావా?" బాబాయి గొంతే. నాతో కాదు.

"చూశాను సార్. దిగేసిందిగా, ఇక కూర్చోండి," అంది టవర్‌లో ఆయన పక్క బల్ల దగ్గర పనిచేసే ఆవిడ.

"కూర్చోలేనమ్మా. ఇది దిగిన ప్రతిసారీ నిలబడే ఉన్నాను. మీరెవరూ గమనించలేదు. మొదటి రోజు ఆ దీపం పట్టుకుంటే చెయ్యి ఒకటే వణుకు. పిల్ల భయంగా ఉందంటోంది, నా మాట దానికి చేరదు. ఆ తరవాత మూడు రోజులు నా నోట మాట రాలేదు. మా అన్నయ్య ఉంటే చెప్పేవాణ్ణి, నీ కూతురు గాలిని చేత్తో పట్టుకుంటుందిరా అని."

"మరి ఆవిడతోనే చెప్పొచ్చుగా?"

"చెబితే నా గొంతు వణుకుతుంది. నా గొంతు వణికితే దాని చెయ్యి వణుకుతుంది. అందుకే ఇన్నేళ్లూ..."

చిన్న టిక్కు. మైకు బటన్ వదిలాడు. సముద్రం మీద తిరుగుతున్న కెప్టెన్ అందుకున్నాడు.

"టవర్, మీ బటన్ నొక్కుకుపోయింది సార్. అమ్మాయిగారికి మా నమస్కారాలు."

జవాబొచ్చింది. "తూనీగ ఏడు... ఎడమ దారిలోంచి బయటికి రండి." ఆ తూనీగ దగ్గర గొంతు రెండు ముక్కలైంది. నా ముందున్న గడియారంలో సరిగ్గా రెండయింది.

మందుల పెట్టెలు దింపడం కూడా మరిచిపోయి టవర్ మెట్ల దగ్గరికి పరిగెత్తాను. టిఫిన్ క్యారియరు పట్టుకుని దిగుతున్నాడు. నన్ను చూసి మొహం పక్కకి తిప్పుకున్నాడు.

"ఆ మైకు స్ప్రింగు పాతబడి చచ్చింది. మార్చమని ఎన్నిసార్లు రాసినా వింటేనా?"

"స్ప్రింగు తప్పు కాదు బాబాయ్," అన్నాను.

మెట్టు మీదే ఆగిపోయాడు. తన బొటనవేలి వంక చూసుకున్నాడు, తరవాత నా వంక చూశాడు.

"ఊఁ," అన్నాడు. నేను కదల్లేదు. క్యారియరు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. "బాగా దింపావు అమ్మడూ."

ఆ మెట్ల దగ్గరే భోరుమన్నాను. ఎవరు చూస్తే నాకేం.